ఒకే వంట, వేర్వేరు కంచాలు

(నెల్లూరు జిల్లా కావలిలో జరిగిన మహిళల ఆరోగ్య సదస్సులో ఒక పోషకాహార నిపుణురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో జువ్వలదిన్నె నుంచి, కొండాపురం నుంచి, ఆ పక్క కందుకూరు నుంచి కూడా వచ్చారని చెప్పారు. చాలా సంతోషం.

మీరు రాసిచ్చిన చీటీలన్నీ చదివాను. షుగర్ ఉంటే అరటిపండు తినొచ్చా, బీపీకి ఏ నూనె మంచిది లాంటి ప్రశ్నలు ఉన్నాయి. వాటి సంగతి చివర్లో చూద్దాం. చాలా చీటీల్లో ఉన్న బాధ మాత్రం వేరు. ఒకమ్మ ఇట్లా రాసింది: ‘ఏం తినాలో డాక్టరు గారు చెప్పారు. మా ఇంట్లో ఉండి అది ఎట్టా తినాలో చెప్పలేదు.’ ఇంకొకామె రాసింది: ‘నాకు షుగరు. ఆయనకి వేపుడు లేందే ముద్ద దిగదు. పిల్లోడికి నూడుల్స్ కావాలి. అత్తమ్మకి పళ్ళు లేవు. నేను రోజుకి ఎన్ని వంటలు చెయ్యాలి?’

ఈ రెండో చీటీ రాసినామె ఎక్కడ కూర్చున్నారో తెలియదు. ఈరోజు నేను మాట్లాడేదంతా ఆమెకు జవాబే అనుకోండి. అమ్మా, ఒక్క వంటే చెయ్యండి. దాన్ని చివర్లో, వడ్డించే ముందు విడదీయండి. వంట వేరు చెయ్యొద్దు, కంచం వేరు చెయ్యండి. అదెట్లాగో వివరంగా చెబుతాను.

ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగాలేదని తెలియగానే మనం చేసే మొదటి పని, వాళ్ళకి వేరే గిన్నె పెట్టడం. వేరే కూర, వేరే పిండి, వేరే టైము. పది పదిహేను రోజులు బాగానే జరుగుతుంది. ఆ తర్వాత వండే మనిషికి ఓపిక అయిపోతుంది, తినే మనిషికి మనసు విరిగిపోతుంది. ఇంటిల్లిపాదీ మామిడికాయ ముక్క వేసిన చేపల పులుసు కలుపుకుంటుంటే, పక్కనే కూర్చుని ఉప్పులేని సొరకాయ కూర తినే మనిషి ఎన్నాళ్ళు తింటాడు? దొంగతనంగా తినడం మొదలుపెడతాడు. రాత్రి అందరూ పడుకున్నాక ఫ్రిజ్ తెరుస్తాడు. బజారుకెళ్ళి కారం దోశ తిని, ఇంటికొచ్చి చెప్పడు. పత్యం విఫలమైందని మనం అతన్ని తిడతాం. ఆ ఇంట్లో విఫలమైంది వేరే గిన్నె పద్ధతి.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. 2023లో ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, దేశవ్యాప్త సర్వే ఫలితాలు వచ్చాయి. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైన. రేపో మాపో షుగర్ వచ్చే అంచున ఉన్నవాళ్ళు 13 కోట్ల 60 లక్షలు. పెద్దవాళ్ళలో నూటికి 35 మందికి బీపీ. కాబట్టి ఐదుగురున్న ఇంట్లో ‘రోగి ఒక్కరే, మిగతావాళ్ళంతా ఆరోగ్యవంతులు’ అనుకోవడానికి వీల్లేదు. ఒకరికి బయటపడింది, ఇంకొకరు పరీక్ష చేయించుకోలేదు. అందరూ తినే వంటే కాస్త బాగుపడితే అందరికీ మేలు.

బాగుపడటం అంటే ఎంత? హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. వాళ్ళు 2024లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చారు. మామూలు పని చేసుకునే పెద్దమనిషికి రోజుకు 2000 కేలరీల లెక్కన చెప్పారు. వండకముందు తూకం ఇది: బియ్యం, గోధుమ, రాగి, జొన్న అన్నీ కలిపి 250 గ్రాములు. పప్పుధాన్యాలు 85 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. పండ్లు 100 గ్రాములు. పల్లీలు, నువ్వులు, బాదం లాంటివి 35 గ్రాములు. నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు. మాంసాహారులు పప్పులో కొంత తగ్గించి చేప, గుడ్డు, మాంసం తినొచ్చు.

ఇవి వింటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, నాకు తెలుసు. తూకం పెట్టుకుని ఎవరూ అన్నం తినరు. అందుకే నేను వీటిని సరుకుల చీటీలోకి మార్చి చెబుతాను. మీ ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళు ఉన్నారనుకుందాం. నెలకు లెక్క వేద్దాం.

ధాన్యాలన్నీ కలిపి 30 కిలోలు. అంటే అంగట్లో అమ్మే 26 కిలోల బియ్యం బస్తా ఒకటి, పైన ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ, గోధుమ పిండి అన్నీ కలిపి నాలుగు కిలోలు. అంతే. ఇప్పుడు మీ ఇంట్లో బస్తా ఎన్ని రోజులొస్తుందో మీరే చెప్పండి. ఇరవై రోజులు అంటున్నారు. ఇక్కడ పద్దెనిమిది అంటున్నారు. సరే.

పప్పుధాన్యాలు పది కిలోలు. కందిపప్పు, పెసరపప్పు, మినప్పప్పు, శనగలు, అలసందలు, ఉలవలు అన్నీ కలిపి. చాలా ఇళ్ళలో నాలుగైదు కిలోలు దాటదు. కూరగాయలు రోజుకు కిలో ఆరు వందల గ్రాములు. చూడండి, ముందు వరసలో నవ్వుతున్నారు. నలుగురికి అర కిలో వంకాయలు తెచ్చి కూర చేస్తే సరిపోతుంది మనకి. ఎందుకు సరిపోతుంది? ఆ కూర అన్నంలోకి నంజుకునేది మాత్రమే కాబట్టి. నూనె నెలకు మూడున్నర లీటర్లు, అందులో నెయ్యి కూడా ఉంది. ఉప్పు మనిషికి రోజుకు ఐదు గ్రాములకు మించకూడదు, అంటే ఒక చిన్న చెంచా. నలుగురికి నెలకు 600 గ్రాములు. కిలో ప్యాకెట్ నెల తిరక్కుండానే అయిపోతుంటే మీరు హద్దు దాటారు. ఊరగాయలో, అప్పడాల్లో, మిక్చర్‌లో ఉన్న ఉప్పు కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

నేను సరుకుల చీటీ దగ్గర ఎందుకు మొదలుపెట్టానంటే, అక్కడ ఎవరి మనసూ నొచ్చుకోదు. కంచం ముందు కూర్చున్న మనిషికి ‘తగ్గించు’ అంటే గొడవ. ముద్ద నోటి దగ్గర ఉండగా ఎవరూ మాట వినరు. అదే చీటీ రాసేటప్పుడు నూనె ప్యాకెట్ ఒకటి తగ్గించి, ఆ డబ్బుకు కిలో పల్లీలు, కిలో శనగలు రాస్తే ఎవరు అడ్డుపడతారు? ఇంట్లో లేని నూనెతో వేపుడు చెయ్యలేం. ఇంట్లో ఉడకబెట్టిన శనగలు ఉంటే సాయంత్రం పిల్లలు అవే తింటారు.

ఇప్పుడు అన్నం సంగతి. మన జిల్లాలో అన్నం గురించి మాట్లాడేటప్పుడు జాగ్రత్తగా మాట్లాడాలి. పెన్నా కింద పండే వరి మన బతుకు. నెల్లూరు మొలగొలుకుల వరి పేరు చెబితే ఇప్పటికీ ముసలివాళ్ళ కళ్ళు మెరుస్తాయి. ఇక మెట్ట ప్రాంతం కథ వేరు. ఉదయగిరి, వరికుంటపాడు, అటు పామూరు, కనిగిరి. అక్కడ పెద్దవాళ్ళను అడగండి. సజ్జ సంగటి, జొన్న సంగటి, కొర్రన్నం, వరిగన్నం, ఆరికన్నం తిని పెరిగారు. వరన్నం పండక్కో, చుట్టం వస్తేనో. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదింట్లో రోజూ తెల్లన్నం ఉడికింది. అది చిన్న విషయం కాదు. ఆకలి చూసిన మనిషికి తెల్లన్నం గౌరవం.

అందుకే మనవడు పట్నం నుంచి వచ్చి ‘తాతా, కొర్రలు తిను, ఆరోగ్యం’ అంటే తాతకి కోపం వస్తుంది. మనవడికి కొర్రలు సూపర్ మార్కెట్‌లో అందమైన ప్యాకెట్. తాతకి అవి కరువు రోజులు. ఆయన మొండివాడు కాదు. ఆయన మనసులో ఉన్నది మనకు అర్థం కావాలి. అట్లాంటి పెద్దాయన ముందు కొర్రన్నం పెట్టి బలవంతం చెయ్యకండి. ఆయన బియ్యమే ఆయనకి వండండి, గరిటె తగ్గించి కూర పెంచండి. చిరుధాన్యాల మీద ఇష్టం ఉన్నవాళ్ళు వారానికి రెండు మూడు పూటలు వండుకోండి. పిల్లలకు బడిలో రాగి జావ అలవాటైంది కాబట్టి వాళ్ళతో పేచీ ఉండదు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి, చాలామంది పొరపడుతున్నారు. రాగి మంచిదే, కాల్షియం బాగా ఉంటుంది. కానీ షుగర్ ఉన్నవాళ్ళు పొద్దున్నే పెద్ద గ్లాసుతో పలచటి రాగి జావ తాగి, ఇది మందులాంటిది అనుకుంటున్నారు. రాగిలో కూడా పిండి పదార్థమే ఎక్కువ. మెత్తగా పిండి కొట్టి, నీళ్ళలో ఉడికించి, పలచన చేసి తాగితే గబగబా రక్తంలోకి వెళ్ళి షుగర్ పెరుగుతుంది. దానికన్నా గట్టి సంగటి చిన్న ముద్ద, పక్కన కప్పు నిండా ఆకుకూర పప్పు నయం. బెల్లం కూడా అంతే. చక్కెర మానేసి బెల్లం వేసుకుంటున్నామని గొప్పగా చెబుతారు. షుగర్ విషయంలో రెండిటికీ పెద్ద తేడా లేదు. అంగట్లో ‘షుగర్ ఫ్రీ బియ్యం’ అని అమ్మేవి కూడా బియ్యమే. కొన్ని రకాలు నిదానంగా అరుగుతాయన్నది నిజం. ఆ ధైర్యంతో రెండు గరిటెలు ఎక్కువ తింటే లాభం పోయినట్టే.

సరే, చివర్లో విడదీయడం అంటే ఏమిటో ఒక ఇంట్లో నేను చూసిన వంట చెబుతాను. బోగోలు దగ్గర పల్లె. మామగారికి బీపీ. అత్తగారికి పళ్ళు లేవు. కోడలికి రక్తం తక్కువ. ఆమె భర్త పొలం పని చేస్తాడు, కారం లేకుండా తినడు. పిల్లోడికి ఐదేళ్ళు.

ఆ రోజు తోటకూర పప్పు. కుక్కర్‌లో కందిపప్పు, కడిగి తరిగిన తోటకూర పెద్ద కట్టలు రెండు, టమోటాలు, రెండు పచ్చిమిరపకాయలు, పసుపు. ఉప్పు మామూలుగా వేసేదానిలో సగం. మూడు విజిల్స్ వచ్చాక పప్పుగుత్తితో ఎనిపి, అప్పుడు ఆ అమ్మాయి గిన్నెలు పరిచింది. మామగారికి రెండు గరిటెలు పక్కన తీసింది, దానికి ఇక ఉప్పు వెయ్యలేదు, సగం నిమ్మకాయ పిండింది. అత్తగారికి తీసింది ఇంకాస్త మెత్తగా ఎనిపింది. పిల్లోడి గిన్నెలో పచ్చిమిరపకాయ ముక్కలు ఏరేసి చెంచాడు నెయ్యి వేసింది. మిగిలిన దాంట్లో తక్కిన ఉప్పు కలిపింది. తర్వాత చిన్న మూకుడులో రెండు చెంచాల నూనెతో తాలింపు పెట్టింది, ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిరపకాయలు, కరివేపాకు. నాకు బాగా నచ్చింది ఆ తర్వాత చేసిన పని. తాలింపు ముందుగా మామగారి గిన్నె మీద వేసింది. ఒక చెంచానే. కానీ ఆ చెయ్యి ముందు ఆయన గిన్నె మీదికి వెళ్ళింది.

ఆయన కూర్చుని అడిగాడు, ‘ఏందమ్మా, నాది చప్పిడా?’

‘అందరిదీ అదే పప్పు మామయ్యా. మీ దాంట్లో ఉప్పు కాస్త తగ్గించి నిమ్మకాయ పిండినా. తిని చూడండి.’

తిన్నాడు. బాగుందని అనలేదు, బాగాలేదని కూడా అనలేదు. మారు వడ్డించుకున్నాడు. భర్తకి పక్కన రెండు వేయించిన మిరపకాయలు పెట్టింది. తను తినేటప్పుడు పప్పులో నిమ్మకాయ పిండుకుంది, ఎందుకంటే ఆకుకూరలో ఇనుము ఒంటికి పట్టాలంటే పులుపు సాయం చేస్తుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అదే ఇనుము సరిగా పట్టదు, అందుకని టీ గంట తర్వాతకి మార్చుకుంది. ఒక కుక్కర్, ఒక మూకుడు. ఐదుగురికీ ఎవరికి తగ్గది వాళ్ళకి.

ఈ పద్ధతి మన వంటలకు ఎంత చక్కగా కుదురుతుందో గమనించండి. మన వంటలో ఉప్పు, కారం, నూనె చాలావరకు చివర్లో కలుస్తాయి. పప్పు, చారు, పులుసు, మజ్జిగ పులుసు, పచ్చడి, వీటన్నిటికీ తాలింపు ఆఖర్న. మసాలాతో మొదటి నుంచీ నూనెలో మగ్గే కూరలు విడదీయడం కష్టం, అవి వారానికి ఒకసారి ఉంచుకోండి.

ఇంకొకటి, ఉప్పు తగ్గించడానికి నెల్లూరు నాలుక కంటే అనువైనది లేదు. మనం పులుపు మనుషులం. చింతపండు, పచ్చి మామిడి, నిమ్మ, చింతచిగురు, గోంగూర. పులుపు ఉన్నచోట ఉప్పు తక్కువైనా నాలుకకు అంత తెలియదు. ఉప్పు ఒక్కసారిగా సగం చెయ్యకండి. వారానికి కొంచెం కొంచెంగా తగ్గించండి. రెండు మూడు నెలల్లో నాలుక దానికే అలవాటు పడుతుంది. అప్పుడు బయటి తిండి ఉప్పగా అనిపిస్తుంది.

ఆవకాయ సంగతి అడిగారు. మన ఇంటి కొలత ప్రకారమే లెక్కేద్దాం. కిలో ముక్కలకు కారం పావుకిలో, ఆవపిండి పావుకిలో, ఉప్పు పావుకిలో, నూనె అర కిలో. మొత్తం రెండుంపావు కిలోలు. అందులో ఉప్పు తొమ్మిదో వంతు. పెద్ద చెంచా నిండా వేసుకుంటే 20 గ్రాములు, అందులో ఉప్పు రెండు గ్రాముల పైన. రోజు మొత్తానికి ఐదే గ్రాములు అన్నాం కదా. ఆవకాయ మానెయ్యమని నేను చెప్పను. ఎండాకాలం జాడీ మూత తీయని తెలుగిల్లు ఉండదు. బీపీ ఉన్నవాళ్ళు ఒక ముక్క తీసుకోండి, అదీ మధ్యాహ్నం ఒక్క పూట. ఆ జాడీని భోజనాల దగ్గర పెట్టకుండా లోపల ఉంచండి. ఎదురుగా ఉంటే చెయ్యి పోతూనే ఉంటుంది. ఎండు చేపలు కూడా అంతే. వేడి నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు రెండుసార్లు పారబోసి వండితే ఉప్పు కొంత పోతుంది, అంతా పోదు. బీపీ ఉన్న ఇంట్లో మెత్తళ్ళు వారానికి రెండుసార్లు చేసేవాళ్ళు ఎప్పుడో ఒకసారికి మార్చుకోవాలి.

పచ్చి చేప మాత్రం మనకు వరం. ఒడ్డున ఉన్నాం. వంద గ్రాముల చేపలో దాదాపు ఇరవై గ్రాముల ప్రోటీన్. పులుసు పెట్టుకుని రెండు ముక్కలు తింటే ముసలివాళ్ళకు కూడా సులభంగా అరుగుతుంది. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, పులుసు రుచిగా కుదిరిందని ఆ రోజు అన్నం రెట్టింపు అవుతుంది. మర్నాడు నిలవ పులుసు ఇంకా బాగుంటుంది, మర్నాడు కూడా అదే. ముందు రెండు ముక్కలు ఉత్తగా తిని, తర్వాత అన్నం కలుపుకోండి. ఇది చేపకే కాదు, రోజూ పాటించండి. ముందు కూర, పప్పు తిని ఆ తర్వాత అన్నం తింటే, అదే భోజనం తిన్నా షుగర్ అంత ఒక్కసారిగా పైకి పోదు.

చేప గురించి మాట్లాడుతున్నాను కాబట్టి శాకాహారుల గురించి కూడా చెప్పాలి. ఈ రోజుల్లో ఒకే ఇంట్లో మాంసం తినేవాళ్ళు, తిననివాళ్ళు కలిసి ఉంటున్నారు. పెళ్ళి వల్ల కావచ్చు, దీక్ష వల్ల కావచ్చు, కార్తీకమాసం కావచ్చు. గిన్నెలు వేరు, గరిటెలు వేరు పెట్టుకుంటారు, ఆ మర్యాద పాటిస్తారు. కానీ ఆదివారం ఆ ఇంట్లో శాకాహారి కోడలి కంచం చూడండి. అందరికీ కోడికూర. ఆ కోడలికి మిగిలింది చారు, ఆలుగడ్డ వేపుడు, పెరుగు. ఇంట్లో అందరికంటే ప్రోటీన్ తక్కువ తిన్నది ఆమె. పైగా పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర ఉన్నది కూడా ఆమే. నాకు ఇది చూస్తే బాధగా ఉంటుంది. కోడికూర ఉడికే రోజు అలసందలో శనగలో ఒక గిన్నె కూడా ఉడకాలి. పెద్ద పనేం కాదు. రాత్రి నానబెడితే చాలు. మాంసం తినేవాళ్ళు కూడా అందులో కాస్త వేసుకుంటారు.

ఇక వడ్డన. మన ఇళ్ళలో ప్రేమ మారు వడ్డనలో ఉంటుంది. ‘ఇంకొంచెం వేసుకో నాయనా’ అని అనకపోతే అమ్మకు తృప్తి ఉండదు. ఆ చేతిని ఆపితే ఆమె మనసు కష్టపడుతుంది. ‘వద్దు, డైట్’ అని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టే పిల్లలకు నేను చెప్పేది ఇదే. అమ్మను ఆపకండి, అమ్మ చేతిలో గిన్నె మార్చండి. మొదటిసారి అన్నం తక్కువ పెట్టించుకోండి. మారు అడిగినప్పుడు ‘కూర వెయ్యమ్మా, బాగుంది’ అనండి. ఆమెకు సంతోషం, మీకు మేలు. ఇంటి పెద్దావిడ మీ పక్షాన ఉంటే సగం పని అయిపోయినట్టే. ఆమెకు పాత ఆకుకూరలన్నీ తెలుసు. పొన్నగంటాకు, చెంచలాకు, మునగాకు, అవిసాకు. ఇంటర్నెట్‌లో వెతికే బదులు ఆమెను అడగండి. అడిగించుకోవడం ఎవరికైనా గౌరవమే.

ఒకరి మీద ఒకరు కాపలా మాత్రం పెట్టకండి. షుగర్ ఉన్న మనిషి లడ్డు ముక్క నోట్లో పెట్టుకోగానే ఇంట్లో ఐదుగురూ ఒకేసారి అరుస్తారు. పెళ్ళిలో, నలుగురిలో కూడా అరుస్తారు. ఆ అవమానం ఆ లడ్డు కంటే ఎక్కువ చెడుపు చేస్తుంది. చెప్పాల్సింది ఒక్కరే చెప్పండి, ఇంట్లో, ఒంటరిగా ఉన్నప్పుడు.

మగవాళ్ళు కొందరు వచ్చారు, వాళ్ళకో మాట. టీవీలో చూసో, స్నేహితులు చెప్పో, ‘రేపటి నుంచి నేను చపాతీలే తింటా, రాత్రి అన్నం మానేస్తున్నా’ అని ప్రకటిస్తారు. ప్రకటన ఆయనది, చపాతీలు ఒత్తేది ఆమె. మిగతా ఇంటికి అన్నం ఎట్లాగూ వండాలి. మీ ఆరోగ్యం కోసం మీరు మార్పు కోరుకుంటే, ఆ మార్పుకు పట్టే పనిలో మీ చెయ్యి కూడా ఉండాలి. పిండి కలపండి, కూరగాయలు తరగండి, సాయంత్రం బజారులో ఆకుకూర మీరే ఏరి తీసుకురండి. ఇంటిపనంతా ఒక్క మనిషి మీద వేసి ఆరోగ్యం గురించి మాట్లాడటం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి శ్రద్ధగా వినండి, ఎందుకంటే ఒకరికి మేలు చేసేది ఇంకొకరికి కీడు చేయగలదు.

షుగర్‌కు ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడేవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకూడదు. మందు అదే మోతాదులో ఉండి తిండి సగమైతే షుగర్ మరీ పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండె దడ, కళ్ళు తిరగడం. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళకు, రంజాన్ ఉపవాసాలు ఉండేవాళ్ళకు కూడా ఇదే వర్తిస్తుంది. ముందుగా డాక్టరును కలిసి మందు మార్పించుకోండి. అట్లా వణుకు వస్తే మాత్రం అప్పుడు చక్కెర నీళ్ళే మందు, ఆలస్యం చెయ్యకండి.

పెరిగే పిల్లలకు తాతగారి పత్యం పెట్టకండి. వాళ్ళకు నెయ్యి, పాలు, గుడ్డు, పల్లీ ఉండ అన్నీ కావాలి. గర్భిణికి కూడా అంతే. ఇంకా, ముసలివాళ్ళు ‘నాకేం ఆకలి లేదమ్మా, మజ్జిగన్నం చాలు’ అంటే సరే అని వదిలెయ్యకండి. రెండు పూటలా మజ్జిగన్నంతో కండ కరిగిపోయి, లేచి నిలబడటానికే కష్టమవుతుంది. ఆ మజ్జిగన్నం పక్కన మెత్తగా ఉడికించిన పెసరపప్పు గానీ, తినేవాళ్ళయితే ఒక గుడ్డు గానీ పెట్టండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళుగా వాడే పెద్దవాళ్ళకు, శాకాహారులైతే ఇంకా ఎక్కువగా, విటమిన్ బి12 తగ్గే అవకాశం ఉంది. కాళ్ళు తిమ్మిర్లు అంటుంటే ఒకసారి ఆ పరీక్ష గురించి డాక్టరును అడగండి.

చీటీల్లో మిగిలినవి త్వరగా చెబుతాను. అరటిపండు: చిన్నది ఒకటి తినొచ్చు, అన్నం తిన్న వెంటనే మాత్రం వద్దు, సాయంత్రం గుప్పెడు పల్లీలతో తినండి. నూనె: వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, ఏదైనా మార్చి మార్చి వాడండి. ఏ నూనె అన్నదాని కంటే ఎంత అన్నదే ముఖ్యం. బజ్జీలు వేయించిన నూనె మళ్ళీ మళ్ళీ కాచకండి.

ఒక అబ్బాయి రాశాడు: ‘జిమ్‌కి వెళ్తున్నా, మా ఇంట్లో గుడ్డు కూడా తేనివ్వరు, ఏం చెయ్యాలి?’ నాయనా, ఇంట్లోవాళ్ళ నమ్మకంతో గుడ్డు కోసం పోట్లాడొద్దు. ఒక గుడ్డులో ఆరు గ్రాముల ప్రోటీన్. ఒక గ్లాసు పాలలో కూడా దాదాపు అంతే. గుప్పెడు పల్లీల్లో ఏడు గ్రాములు. పొద్దున ఇడ్లీ బదులు రెండు పెసరట్లు, మధ్యాహ్నం గట్టి పప్పు ఒక కప్పు, సాయంత్రం ఉడికించిన శనగలు, రాత్రి పెరుగు. నీకు కావాల్సినదంతా మీ అమ్మ వంటింట్లోనే ఉంది. పెసలు నువ్వే నానబెట్టు.

ఆఖరి చీటీ కిడ్నీ గురించి. ‘మా ఆయనకి కిడ్నీ తగ్గిందన్నారు, బీపీ కూడా ఉంది, ఎవరో చెబితే సోడియం తక్కువ ఉప్పు కొన్నాం’ అని రాశారు. అమ్మా, ఆ ప్యాకెట్ ఈరోజే పక్కన పెట్టండి. అందులో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారు. కిడ్నీ బాగా పనిచేయని మనిషికి పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం. కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్ళు కూడా డాక్టరును అడగకుండా అది వాడకూడదు. కొబ్బరినీళ్ళు రోజూ తాగించడం కూడా ఆయనకు మంచిది కాదు. పప్పు, ఆకుకూరలు బాగా తినమని ఇప్పటిదాకా నేను చెప్పిన లెక్క కూడా ఆయనకు యథాతథంగా వర్తించదు. ఆయన రిపోర్టు చూసి విడిగా చెప్పాలి. ఇంకా ఎవరికైనా కిడ్నీ ఇబ్బంది ఉంటే వాళ్ళకీ అంతే. రిపోర్టులు తెచ్చుకున్నవాళ్ళు వెళ్ళిపోకండి, ఆ పక్క బల్ల దగ్గర కూర్చుంటాను, ఒక్కొక్కరుగా రండి.